ఆట దేనికి పాయింట్లు ఇచ్చిందో ఒళ్లు అదే నేర్చుకుంది: పెద్దవయసువారి వ్యాయామ వీడియోగేమ్‌పై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

నేను ఫిజియోథెరపిస్టును. ఒంటి కదలికలతో ఆడే వ్యాయామ వీడియోగేమ్‌లను పెద్దవయసువారి కోసం తయారుచేసే ఒక చిన్న బృందంలో పనిచేస్తున్నాను. ప్రోగ్రాం రాసేవారు ఒకరు, బొమ్మలు వేసేవారు ఇంకొకరు. ఏ కదలిక చేయించాలి, ఎంతసేపు చేయించాలి, ఎక్కడ ఆపాలి అన్నది చూసుకునే బాధ్యత నాది. కోస్తా ఆంధ్రలోని ఒక పట్టణంలో, పెద్దవాళ్లు పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికి వెళ్లే ఒక పగటి సంరక్షణ కేంద్రంలో మేం ఆడించిన మొదటి ఆట గురించి, దానిని ఆడిన ఒక పెద్దావిడ గురించి ఇక్కడ రాస్తున్నాను. ఊరు, కేంద్రం, మనిషి ఎవరన్నది పోల్చుకునే వివరాలన్నీ తీసేశాను. ఈ ఒక్క కేసునే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆటలో మేం చేసిన తప్పు ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో ఈ ఒక్క మనిషి ఒంట్లో ఆసాంతం కనిపించింది.

65 ఏళ్లు దాటినవారు వారానికి మూడు రోజులు, వీలైతే ఇంకా ఎక్కువ రోజులు, నిలకడనూ కండబలాన్నీ పెంచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది. అటువంటి వ్యాయామం పడిపోవడాలను తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారమే ఉంది. న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో 1990లలో రూపుదిద్దుకున్న ఇంటి వ్యాయామ పద్ధతిపై జరిగిన ప్రయోగాలను కలిపి 2002లో విశ్లేషించినప్పుడు, పడిపోవడాలు సుమారు 35 శాతం తగ్గినట్టు తేలింది. అందులో ఉన్నవేవీ వింత వ్యాయామాలు కావు: కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ఆసరా పట్టుకుని మోకాళ్లు కొద్దిగా వంచడం, పక్కకు నడవడం, ఒంటికాలి మీద నిలబడటం వంటివి. అయితే ఇవే పనులు రోజూ గోడవైపు చూస్తూ చేయమంటే రెండు వారాలకే మానేసినవారిని ఎంతోమందిని చూశాను. విసుగు పుట్టకుండా ఇవే కదలికలు చేయించడానికి ఆట ఒక దారి అవుతుందనే ఆశతోనే ఈ పనిలోకి వచ్చాను.

బజారులో దొరికే ఆటలు మాకు సరిపోలేదు. 2010లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన కినెక్ట్‌తో, అంటే ఒంటి కదలికలను గుర్తించే కెమెరా సెన్సారుతో, చేతిలో ఏమీ పట్టుకోకుండా ఒళ్లు కదిపి ఆడటం సాధ్యమైంది. కాని దానికోసం అమ్మిన ఆటల్లో ఎక్కువ భాగం ఎగరడం, తన్నడం, గబుక్కున తప్పుకోవడం చుట్టూనే అల్లినవి. అందుకే సెన్సారును తీసుకుని ఆట మేమే రాసుకున్నాం. మా దగ్గర ఉన్నది 2013లో వచ్చిన రెండో తరం కినెక్ట్. అది ఒంట్లో 25 కీళ్ల చోట్లను గుర్తిస్తుంది, అర మీటరు నుంచి నాలుగున్నర మీటర్ల దాకా చూస్తుంది. 2017లో దాని తయారీ ఆగిపోయింది, మేం అంతకుముందు కొన్నదానితోనే నెట్టుకొచ్చాం.

మనిషి, మొదటి ఆట

పెద్దావిడకు డెబ్బై దాటాయి. రెండు మోకాళ్లూ అరిగాయి, కుడివైపు నొప్పి ఎక్కువ. బీపీ మాత్రలు వేసుకుంటారు. ఏడాది కిందట స్నానాలగదిలో జారిపడ్డారు. ఎముక విరగలేదు కాని ఆ రోజు నుంచి వీధి గుమ్మం దిగడం మానేశారు. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చునే పరీక్షలో ఆవిడకు 16 సెకన్లు పట్టింది. 12 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టు లెక్క. 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో చూసే పరీక్షలో, చేతులు ఊతంగా వాడితే లెక్క సున్నా అవుతుంది. ఆవిడ చేతులు ఆనించకుండా ఒక్కసారి కూడా లేవలేకపోయారు కాబట్టి సున్నా అనే రాశాను. 70-74 ఏళ్ల ఆడవారిలో 10 కంటే తక్కువ వస్తేనే సగటు కన్నా తక్కువ అంటారు.

మొదటి ఆటలో తెర మీద మామిడి చెట్టు ఉంటుంది, కాయలు పైనుంచి రాలుతుంటాయి. ఆడేవారు అటూ ఇటూ అడుగు వేసి కాయ కిందకి వెళ్లి చేత్తో పట్టుకోవాలి. 90 సెకన్ల ఆట, పట్టుకున్న ప్రతి కాయకూ ఒక పాయింటు. ఇందులో నా ఉద్దేశం పక్క అడుగు. తుంటి పక్కన ఉండే కండరాలు గట్టిపడితే తూలినప్పుడు నిలదొక్కుకోగలరు. కాయ అనేది ఆ అడుగు వేయించడానికి ఒక సాకు మాత్రమే అనుకున్నాను.

ఆవిడకు ఆట నచ్చింది. మొదటి వారం నాలుగు, అయిదు కాయలు పట్టినవారు మూడో వారానికి పది దాటించారు. కేంద్రంలో అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. మూడో వారం చివర మళ్లీ పరీక్షలు చేస్తే 16 సెకన్లు 16 గానే ఉన్నాయి, సున్నా సున్నాగానే ఉంది. ఆట బాగా వస్తోంది, ఒళ్లు మాత్రం మారలేదు. ఇది ఎందుకో ఆలోచించే లోపే, తెర అంచున పడుతున్న కాయ కోసం ఆవిడ నడుము దగ్గర్నుంచి కుడిపక్కకు ఒరిగారు. ఎడమ మడమ నేల వదిలింది. పక్కనే ఉన్న ఆయా భుజం కింద చెయ్యి వేసి పట్టుకోబట్టి సరిపోయింది. ఆ రోజు ఆట ఆపేశాం.

చేసి చూసినవి, చెడినవి

మొదట తప్పు వేగానిదనుకున్నాను. వయసు పెరిగేకొద్దీ చూసి స్పందించడానికి పట్టే సమయం పెరుగుతుంది కనుక, కాయ రాలడానికి పట్టే సమయాన్ని మూడు సెకన్ల నుంచి ఆరుకు పెంచాం. దానితో పరిస్థితి ఇంకా చెడింది. సమయం చిక్కేసరికి ఆవిడ అడుగు వేయడానికి బదులు మరింత నిదానంగా, మరింత దూరం ఒరగసాగారు.

తరువాత బొమ్మలనూ శబ్దాలనూ సరిచేశాం. ఈ మార్పులు అవసరమైనవే. ముదురాకుపచ్చ ఆకుల్లో లేతాకుపచ్చ కాయ, శుక్లాలున్న కంటికి ఆనదు. పాయింటు వచ్చినప్పుడు మోగే సన్నని గంట సగం మందికి వినపడనే లేదు, ఎందుకంటే వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందుగా పోయేది కీచుగా, సన్నగా ఉండే శబ్దాలే. దాని బదులు చెక్క మీద తట్టినట్టుండే బొంగురు చప్పుడు పెట్టాం. రికార్డు చేసిన సూచనల్లో ‘మీ వామహస్తమును పైకెత్తుడు’ వంటి మాటలు తీసేసి ‘ఎడం చెయ్యి పైకెత్తండి’ అని చెప్పించాం. ఇవన్నీ ఆటను సులువు చేశాయి కాని ఒరగడాన్ని ఆపలేదు.

మూడో ప్రయత్నం గురించి చెప్పడం నాకు కష్టమే అయినా, ఈ కేసు రాయడానికి అసలు కారణం అదే. కాయకు ఒక పాయింటే ఉంచి, పక్క అడుగు వేస్తే రెండు పాయింట్లు ఇద్దామనుకున్నాం. ఆవిడ అడుగు వేసినా ఆ రెండు పాయింట్లు రాలేదు. సెన్సారు రాసిపెట్టిన వివరాలు తీసి చూస్తే విషయం తెలిసింది. ప్రతి కీలు పక్కనా అది ‘చూశాను’, ‘ఊహించాను’, ‘కనపడలేదు’ అనే మూడు గుర్తుల్లో ఒకటి వేస్తుంది. ఆవిడ మోకాళ్లకూ చీలమండలకూ దాదాపు అన్నిచోట్లా ‘ఊహించాను’ అనే ఉంది. చీర కుచ్చిళ్ల వెనక రెండు కాళ్లు ఎక్కడున్నాయో దానికి తెలియదు. పంచె కట్టుకున్న తాతగార్ల కాళ్లదీ ఇదే కథ. ఆట రాస్తున్నప్పుడు పరీక్షించుకున్న మేమందరం ప్యాంట్లు వేసుకున్నవాళ్లమే.

ఇది తెలిశాక నేను చేయాల్సింది ఆటను మార్చడం. నేను మనిషిని మార్చబోయాను. హాలులో పదిమంది ముందు, అందులో మగవాళ్లు కూడా ఉండగా, ‘మామ్మగారూ, కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోండి, కెమెరాకి కాళ్లు కనపడటం లేదు’ అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, కుచ్చిళ్లు ఒక బెత్తెడు పైకి దోపి, చీలమండలు కనిపిస్తుండగా 90 సెకన్లూ ఆడారు. ఆడుతున్నంతసేపూ ఎడమ చెయ్యి కాయల వైపు వెళ్లలేదు, చీర పట్టుకునే ఉంది. మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు. కబురు చేస్తే మోకాళ్లు నొప్పిగా ఉన్నాయన్నారు. ఆయా నాతో విడిగా చెప్పింది: ‘మోకాళ్లు కాదండీ, సిగ్గేసిందంట.’

వాళ్లింటికి వెళ్లి క్షమించమని అడిగాను. ‘నీ తప్పేముందిలే అమ్మాయ్, మిషనుకి కనపడాలి కదా’ అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు, ఎందుకంటే మేం పని మొదలుపెట్టిందే మిషను మనిషిని చూడాలని. మనిషి మిషనుకు కనపడే బాధ్యత తన మీద వేసుకోవాలని కాదు.

తప్పు ఎక్కడుందో తెలిసిన తీరు

ఆవిడ రాని ఆ వారంలో, మూడు వారాల ఆటలనూ కీళ్ల బొమ్మల రూపంలో మళ్లీ వేసుకుని ప్రోగ్రామరూ నేనూ ఒక పూటంతా చూశాం. మొదటి రెండు రోజులు ఆవిడ చక్కగా అడుగు వేశారు. నడుము మధ్య బిందువు పక్కకు జరిగింది, భుజాలు దాని పైనే నిలిచాయి. మూడో రోజు నుంచి అడుగులు తగ్గి, ఒరగడం పెరిగింది. కారణం వెతకనక్కర్లేదు. అడుగు వేసి కాయ అందుకున్నా ఒక పాయింటే, నిలబడిన చోటు నుంచి చెయ్యి చాపి అందుకున్నా ఒక పాయింటే. అరిగిన మోకాలి మీద బరువు వేస్తే నొప్పి, ఒరిగితే నొప్పి లేదు. ఆవిడ ఒళ్లు మూడో రోజుకే ఆ లెక్క తేల్చుకుంది.

అంటే ఆవిడ ఆట తప్పుగా ఆడలేదు, మేం రాసిన ఆటను సరిగ్గా ఆడారు. సెన్సారుకు చేతులు బాగా కనపడతాయి కాబట్టి మేం చేతులకు పాయింట్లు పెట్టాం. చేతులకు పాయింట్లు ఉన్నాయి కాబట్టి ఒళ్లు చేతులు చాపడం నేర్చుకుంది. అందుకోసం ఒరగడం, అంటే ఏ కదలిక మనిషిని పడేస్తుందో అదే కదలిక, రోజూ సాధన అయింది. ఎంత చెప్పినా, ‘అడుగు వేయండి’ అని ఎన్నిసార్లు గుర్తుచేసినా, తెర మీద మోగే చప్పుడు వేరే మాట చెబుతుంటే నా మాట నిలవదు.

పనిచేసినవి

ఆ పూట ప్రశ్నను తిరగేసి వేసుకున్నాం. చీర కట్టుకున్న మనిషిలో సెన్సారు నమ్మకంగా చూడగలిగేది ఏమిటి? తల, భుజాల మధ్య బిందువు, నడుము మధ్య బిందువు, చేతులు. ఈ నాలుగింటితోనే కాళ్ల పనిని కొలవగలమా? కొలవగలమని తేలింది. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చినప్పుడు నడుము బిందువు పక్కకు జరుగుతుంది. ఆ జరుగుడు నిజంగా కాళ్లదా, ఒరగడం వల్ల వచ్చినదా అన్నది నడుము బిందువును భుజాల బిందువుతో కలిపే గీత చెబుతుంది. ఆ గీత నిలువుగా ఉంటే కాళ్లు పనిచేస్తున్నట్టు, వాలితే ఒరుగుతున్నట్టు.

కొత్త ఆటలో నందివర్ధనం చెట్టు పెట్టాం. ముదురాకుల మీద తెల్లని పువ్వు బాగా కనిపిస్తుందన్నది ఒక కారణం, కోస్తాలో ఎవరి పెరట్లోనైనా ఉండే చెట్టు కావడం ఇంకో కారణం. అన్నిటికన్నా ముఖ్యమైన కారణం, పువ్వు రాలిపోదు, మనిషి కోసం ఆగుతుంది. గడియారం తీసేశాం. నడుము పువ్వు వైపు జరిగి, ఒళ్లు నిలువుగా ఉంటేనే మొగ్గ విచ్చుకుంటుంది. విచ్చుకున్న తరువాతే చెయ్యి చాపి కోయాలి. గీత 15 డిగ్రీలకు మించి వాలితే మొగ్గ ముడుచుకుపోతుంది, అంతే. పాయింటు తీసేయడం గానీ, తప్పు చప్పుడు గానీ పెట్టలేదు. పదిమందిలో తప్పు పట్టించుకోవడం ఎలా ఉంటుందో ఆవిడ విషయంలో చూశాం కనుక ఈ నిర్ణయానికి ఎక్కువసేపు పట్టలేదు.

ఎంత దూరం జరగాలన్నది ఏ రోజుకారోజు కొలిచేలా చేశాం. ఆట మొదట్లో ఆసరా పట్టుకుని, నొప్పి లేనంతవరకు రెండు వైపులా బరువు మార్చమంటాం. అందులో 80 శాతాన్ని ఆ రోజుకు గురిగా పెడతాం. మోకీళ్ల అరుగుదల ఉన్నవారికి నిన్నటి మోకాలు, ఇవాళ్టి మోకాలు ఒకటి కావు. నిన్నటి రికార్డు దాటించాలని చూసే ఆట నొప్పి ఉన్న రోజున మనిషిని ఓడిస్తుంది, అలా రెండు రోజులు ఓడినవారు మూడో రోజు రారు.

పక్కకు అడుగు వేసే పని లేకపోయేసరికి కుర్చీలకు చోటు దొరికింది. వెనక గోడకు ఆనించి ఒక బరువైన చెక్క కుర్చీ, చెయ్యి చాపితే అందేలా రెండు పక్కలా మరో రెండు కుర్చీలు పెట్టాం. ప్లాస్టిక్ కుర్చీలు పనికిరావు, చెయ్యి ఆనించగానే జారతాయి. నేల మీద చాప కూడా తీసేశాం, దాని అంచు కాలికి తగులుతోంది. ఈ మార్పులో ఒక నష్టం ఉందని ఒప్పుకోవాలి. పక్క అడుగు ఆటలోంచి పోయింది. దానిని ఆట అయ్యాక, ఆయా చెయ్యి పట్టుకుని, వరండా గోడ వెంట విడిగా చేయిస్తున్నాం.

ఆవిడ తిరిగి వచ్చారు. కొత్త ఆటలో మొదటి రోజే మాకు తెలియని ఇంకో విషయం బయటపడింది. కుడివైపు పూలన్నీ కోశారు, ఎడమవైపు పువ్వు విచ్చుకున్నా చెయ్యి చాపలేదు. ఎడమ భుజానికి ఏమైనా ఇబ్బందేమోనని అడిగితే, ‘ఎడం చేత్తో పూలు కోస్తారటమ్మా? దేవుడికి పెట్టేవి’ అన్నారు. కేంద్రంలోని తక్కిన ఆడవాళ్లూ అదే మాట అన్నారు. ఇది ఆచారం, వాదించే విషయం కాదు. అందుకని ఎడమవైపు కొమ్మలను ఎత్తుగా గీయించాం. ఎడమవైపు బరువు మార్చి, ఎడమ చేత్తో కొమ్మ వంచి పట్టుకుంటే, కుడిచేత్తో పువ్వు కోయవచ్చు. నిజం పెరట్లో చేసేదీ అదే. కొమ్మ వంచి పట్టుకున్నంతసేపూ బరువు ఎడమకాలి మీద నిలవాల్సి రావడంతో, మేం అడగకుండానే ఆ వైపు సాధన ఎక్కువైంది. అయితే రెండు చేతులూ ఆసరా వదిలే పని కాబట్టి, మొదటి రెండు వారాలూ కొమ్మను పక్కన పెట్టి, ఒక చెయ్యి కుర్చీ మీదే ఉంచి ఆడించాను.

కుర్చీలోంచి లేచి కూర్చోవడానికి ఇంకో చిన్న ఆట చేశాం. లేవడం అందరూ చూస్తారు. కూర్చోవడంలో చివరి జానెడు దూరం దభీమని పడిపోతే తొడ కండరం పని మానేసినట్టే. తల ఎత్తు ఎంత వేగంగా తగ్గుతోందో సెన్సారు బాగా చూడగలదు. తెర మీద నిండు బిందె పెట్టాం. నిదానంగా, మూడు లెక్కపెట్టేంతసేపు కూర్చుంటే నీళ్లు తొణకవు. ఇక్కడ పాయింట్లు లేనే లేవు, నీళ్లు తొణికాయా లేదా అన్నదే. చేతులు ఆనించుకోవడాన్ని మొదట్లో ఒప్పుకున్నాం, తరువాత ఒక చెయ్యి, ఆ తరువాత వేళ్ల కొసలు. బీపీ మాత్రలు వాడేవారికి ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరగవచ్చు కాబట్టి, ప్రతిసారీ లేచాక కాసేపు ఆగితేగాని తరువాతి బిందె రాదు. భోజనం అయిన వెంటనే ఈ ఆట ఆడించం, పొద్దున పదకొండు లోపే.

ఎనిమిది వారాల తరువాత పరీక్షల్లో నడక 16 నుంచి 13 సెకన్లకు తగ్గింది. చేతులు ఆనించకుండా నాలుగుసార్లు లేవగలిగారు. ఈ అంకెలను ఉన్నంతలోనే చూడాలి: 13 ఇంకా 12కు పైనే ఉంది, నాలుగు పదికి చాలా తక్కువ. ఈలోగా ఆవిడ పొద్దున్నే వీధి చివరి దాకా నడవడం మొదలుపెట్టారు, కాబట్టి మార్పంతా ఆటదేనని నేను చెప్పలేను. మొదటి ఆటలో పాయింట్లు పెరిగినా ఈ అంకెలు కదల్లేదు, రెండో ఆటలో కదిలాయి. నేను చూసింది అంతవరకే.

నేర్చుకున్నవి, ఇంకా మిగిలినవి

ఇప్పుడు కొత్త ఆట ఏది మొదలుపెట్టినా, బొమ్మలు గీయకముందే ప్రోగ్రామరూ నేనూ కూర్చుని ఒక పని చేస్తాం. ఈ ఆటలో ఒళ్లు నొప్పించుకోకుండా పాయింటు సంపాదించే దొంగదారి ఏది అని ఇద్దరం నిలబడి వెతుకుతాం. అది దొరికితే, అది ప్రమాదం లేని దారేనా అని చూస్తాం. కాకపోతే కొలత మారుస్తాం. పరీక్షించేటప్పుడు బృందంలో ఒకరు చీర, ఒకరు పంచె కట్టుకుంటారు. ఈమధ్య మామూలు వెబ్‌క్యామ్‌తో ఒంట్లో 33 బిందువులను గుర్తించే మీడియాపైప్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. ఖర్చు తగ్గింది కాని చీర సమస్య పోలేదు. అది కూడా కుచ్చిళ్ల వెనక మోకాలిని ఊహించి గీస్తుంది. ఒక్కో బిందువు పక్కన ఎంత స్పష్టంగా కనిపిస్తోందో చెప్పే అంకె ఉంటుంది; దాన్ని చూడకుండా ఆ బిందువుకు పాయింటు పెట్టకూడదని మా నియమం.

పూల చెట్టు అందరికీ నచ్చిందని కూడా అనలేను. ఒక తాతగారు నాలుగు రోజులు ఆడి, ‘నాకు పూలెందుకమ్మా, క్యారమ్స్ ఏమైనా ఉందా?’ అన్నారు. ఊరి జ్ఞాపకాలంటే పెద్దవాళ్లందరూ ఇష్టపడతారని మేం అనుకోవడం మా ఊహే. ఆయన కోసం అదే కొలతలతో క్యారమ్ బల్ల తయారవుతోంది.

తేలని విషయం ఇంకొకటి, వెనక్కి తిరగడం. ఆవిడ నడక పరీక్షను దగ్గరగా చూస్తే, తూలేది నడిచేటప్పుడు కాదు, మూడు మీటర్ల గీత దగ్గర తిరిగేటప్పుడు. అక్కడ చిన్న చిన్న అడుగులు నాలుగైదు వేస్తారు, చెయ్యి గోడ కోసం వెతుకుతుంది. ఆ తిరుగుడును ఆటలో పెట్టాలని చూశాం. కినెక్ట్ మనిషి ఎప్పుడూ తనవైపే చూస్తున్నాడని అనుకుంటుంది. వీపు తిప్పగానే కుడిఎడమలు తారుమారవుతాయి. సరిగ్గా కొలవలేని దానికి పాయింట్లు పెడితే ఏమవుతుందో మామిడికాయల ఆట చూపించింది కాబట్టి దానిని వదిలేశాం. ప్రస్తుతానికి పూలు కోయడం అయ్యాక తెర ఆపేస్తాం. చెక్క కుర్చీని హాలు మధ్యకు జరిపి, మామ్మగారు దాని వీపు మీద చెయ్యి ఉంచి చుట్టూ మూడుసార్లు అటు, మూడుసార్లు ఇటు తిరుగుతారు. ఆయా పక్కన నడుస్తుంది, అడుగులు నేను లెక్కపెడతాను.